ఎంత కత్తి కావాలి?

మొన్న కార్తీకమాసంలో మా అమ్మాయిని "పుట్టినరోజుకి ఏం కొనమంటావే?" అని అడిగాను. చీర అంటుందనీ, మహా అయితే వాచీ అంటుందనీ నా అంచనా. "కత్తి కొనిపెట్టమ్మా" అంది.

తిరుగుతున్న మిక్సీ ఆపేశాను. మావారు చదువుతున్న పేపరు దించి కళ్ళజోడు మీంచి చూశారు.

"కత్తంటే... కూరలు తరుక్కునే చాకేనా?" అన్నాను ఆశగా.

"కాదమ్మా. ముడవని కత్తి. ఒరలో పెట్టుకునేది. ఫీల్డు ట్రిప్పుకి" అంది, అట్లకాడ అడిగినంత తేలిగ్గా.

అది విశాఖపట్నంలో బోటనీ ఎమ్మెస్సీ చదువుతోంది. డిసెంబరులో లంబసింగి వైపు మూడు రాత్రులు టెంట్లలో ఉండాలిట. నలుగురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు, ఒక మేడమ్. అక్కడ తాడు కొయ్యాలి, మేకులకి పుల్లలు చెక్కాలి, మొక్కకి గాయం పెద్దది కాకుండా చిన్న రెమ్మ తియ్యాలి, రొట్టె కొయ్యాలి, ఉల్లిపాయలు తరగాలి. ఇన్ని పనులకీ ఒక్కటే కత్తి.

మాటలో ఎంత ఉందో చూశారూ! 'చాకు' అంటే వంటింటి వస్తువు. 'కత్తి' అనగానే పోలీసు స్టేషను కళ్ళకి కడుతుంది. 'నైఫ్' అన్నంతసేపూ ఎవరికీ భయం లేదు, కేకు కోసేదీ నైఫే కదా! వస్తువు ఒకటే, మన గుండె దడే మారుతుంది.

ఆ మాటకొస్తే ముడవని కత్తి మనకి కొత్తదా ఏమిటి? తరతరాలుగా మన వంటింట్లో కత్తిపీట ఉంది. ప్రపంచంలో అందరూ కత్తిని కదిపి కూరగాయ కోస్తే, మనం కత్తిని కదలకుండా నిలబెట్టి కూరగాయని దాని దగ్గరికి తీసుకెడతాం. మా అమ్మమ్మ కత్తిపీట విషయంలో పెట్టిన చట్టాలు నాకిప్పటికీ కంఠతా వచ్చు. పని అయిపోతే నిలబెట్టి ఉంచకూడదు, పక్కకి పడుకోబెట్టాలి. దాటకూడదు. దాని ముందు కూచుని పోట్లాడుకోకూడదు. కత్తి చేతికివ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలి. అప్పుడు ఇవన్నీ చాదస్తాలనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే అందులో సగం పిల్లల వేళ్ళు తెగకుండా పెట్టిన రూల్సేననిపిస్తుంది. వేలు తెగుతుందంటే వినని పిల్ల, పాపం వస్తుందంటే వింటుందని ఆవిడకి తెలుసు.

సరే, కత్తి కొనడానికి పెద్దమనిషిగా మావారు రంగంలోకి దిగారు. రెండురోజులు ఫోను చేతిలోంచి దించలేదు. మూడోనాడు విజయగర్వంతో ఒక బొమ్మ చూపించారు. నల్లటి అలుగు, జానెడుకి పైన పొడుగు. వెనకవైపు రంపం పళ్ళు. పిడి బోలుగా ఉండి అందులో అగ్గిపుల్లలు, గాలం, దారం. పిడి చివర దిక్సూచి. ధర ఎనిమిదివేల చిల్లర.

"ఇది ఉంటే అడివిలో నెలరోజులైనా బతకచ్చునోయ్" అన్నారు.

"నాన్నా, నేను వెళ్ళేది మూడు రాత్రులకి. పక్కనే టీ కొట్టుంటుంది" అంది అమ్మాయి.

అప్పుడది మాకిద్దరికీ పాఠం చెప్పింది. ముడిచే చాకుకి కీలు ఉంటుంది, ఒత్తిడి ఎక్కువైతే ఆ కీలే ముందు వదులౌతుంది, వేళ్ళమీదకి మూసుకున్నా మూసుకుంటుంది. ముడవని కత్తికి ఆ బెడద లేదు. అలుగు పిడిలోకి ఎంత దూరం దిగితే అంత బలం. పిడి బోలుగా ఉంటే అలుగు దిగడానికి చోటేదీ? అక్కడే విరుగుతుంది. రంపం పళ్ళు చూడ్డానికే, అటు కొయ్యవు, ఇటు మనం వెనకనించి బొటనవేలుతో నొక్కడానికీ వీలివ్వవు. ఉల్లిపాయ దగ్గర్నుంచి పుల్ల దాకా అన్నిటికీ నాలుగంగుళాల అలుగు చాలు. పొడుగు పెరిగినకొద్దీ మొన మన చేతికి దూరమై, మన మాట వినడం మానేస్తుంది.

ఇక ఉక్కు. మామూలు ఉక్కుకి పదును త్వరగా వస్తుంది, త్వరగా తుప్పూ పడుతుంది. తుడిచి, నూనె రాసి, పసిపిల్లలా చూసుకోవాలి. నూటికి పది పాళ్ళకి పైగా క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ అయితే తడికి ఓర్చుకుంటుంది. రెండిట్లో ఏది గొప్ప అంటే, ఏదీ కాదు. మనం బద్ధకస్తులమా కాదా అన్నదే ప్రశ్న.

అంతా విని మావారు, "అయినా పెద్దదైతే ధైర్యంగా ఉంటుంది కదే" అన్నారు మెల్లిగా.

అదీ సంగతి! ఆయన రెండురోజులుగా వెతుకుతున్నది ఉల్లిపాయలు కోసే కత్తి కాదు. ఆడపిల్ల, అడివి, రాత్రి. ఈ మూడూ కలిసి ఆయన చేత ఎనిమిదివేల కత్తి కొనిపించబోయాయి. భయంతో కొనే వస్తువు ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది. పనికోసం కొనే వస్తువుకి పనే కొలత. నాలుగంగుళాల పనికి నాలుగంగుళాల కత్తి. భయానికి కొలత ఏదీ? జానెడు కొంటే మూరెడు ఉంటే బావుండుననిపిస్తుంది.

ఆయన్ని అనడమెందుకు? ఈ పిల్ల పుట్టినప్పుడు నా పురిటి మంచం కింద మా అమ్మ కత్తి పెట్టింది. బాలింత దగ్గర ఇనుము ఉండాలంటారు కదా! నేను నవ్వానుగానీ తియ్యమనలేదు. రాత్రి దీపం తీసేశాక, అది అక్కడున్నందుకు ఏమూలో ధైర్యంగానే ఉండేది. అంటే మా అమ్మాయి జీవితంలో మొదటి కత్తి భయం కొన్నదే. ఇరవైరెండేళ్ళ తర్వాత అదే పిల్ల పనికోసం కత్తి అడిగితే, నాకు మళ్ళీ ఆ పురిటిగదే గుర్తొచ్చింది.

అమ్మాయి తన ఫోనులో వేరే కత్తి చూపించింది. స్వీడన్ దేశంలో మోరా అనే ఊరుందిట. 1891లో ఫ్రాస్ట్ ఎరిక్ ఎర్సన్ అనే ఆయన అమెరికానుంచి తిరిగొచ్చి ఆ ఊరి దగ్గర దుంగలు లాగే మంచుబళ్ళు చేసే ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ పనిలోకి కత్తులు కావాలి కనక అవీ అక్కడే చేశారు. కాలక్రమేణా బళ్ళు పోయాయి, కత్తులు మిగిలాయి. నాలుగంగుళాల అలుగు, తేలికైన పిడి, ప్లాస్టిక్ ఒర. ఆ దేశంలో వడ్రంగీ, ఎలక్ట్రీషియనూ, చేపలు పట్టేవాడూ అందరూ వాడే చవక వస్తువు. మన దగ్గరికొచ్చేసరికి రెండువేలవుతోంది.

ఆ దేశపు బళ్ళలో 'స్లాయిడ్' అని చేతిపనుల పాఠం ఉంది. ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ నేర్చుకోవలసిందే. 1870ల నుంచీ నేస్ అనే చోట ఆ విద్యలో టీచర్లకి శిక్షణ ఇచ్చిన ఒట్టో సాలమన్ పిల్లల పనిముట్లలో కత్తికి పెద్దపీట వేశాడు. అదే దేశంలో, సరైన కారణం లేకుండా వీధిలో కత్తి దగ్గర పెట్టుకుంటే నేరం! మొదట విడ్డూరమనిపించింది. తర్వాత ఆలోచిస్తే ఇందులో విరోధం లేదనిపించింది. కత్తి ఉందా అని కాదు వాళ్ళడిగేది, ఎందుకుంది అని. మన దేశంలోనూ 2016 ఆయుధ నియమాల్లో తొమ్మిదంగుళాల పొడుగు, రెండంగుళాల వెడల్పు మించిన కత్తుల్ని ఆయుధాల కింద రాస్తూ, ఇంటిపనికీ, వ్యవసాయానికీ చేసినవాటిని వదిలేశారు. అక్కడా అదే ప్రశ్న. ఎందుకు?

రెండువేలు పెట్టి మోరా కత్తి కొనేద్దామనుకుంటూండగా ఏదో పనిమీద మా పుట్టింటికి, దివిసీమ వైపు, వెళ్ళాం. అక్కడ మా చిన్నప్పటినుంచీ ఉన్న కమ్మరి కొలిమి ఇంకా ఉంది. డెబ్భై దాటిన పెద్దాయన. నేను బాబాయ్ అంటాను.

"బాబాయ్, మా అమ్మాయికి కత్తి కావాలి" అన్నాను.

నాకు తెలిసినవాళ్ళందరూ ఈ మాట వినగానే "ఎందుకూ? ఎవరైనా ఏమైనా అంటున్నారా?" అన్నవాళ్ళే. ఆయన మాత్రం తలెత్తకుండా, "ఏం కొయ్యాల?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకి నా ప్రాణం లేచొచ్చింది. అమ్మాయి అక్కడే పీట లాక్కుని కూచుని, తాడూ, పుల్లా, రెమ్మా, ఉల్లిపాయా అన్నీ చెప్పి, మోరా కత్తి బొమ్మ చూపించింది. ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూసి, "మనం చేసే చెక్కుడు కత్తేగా! ఆ దేశం వాళ్ళూ మనలాగే చేశారే" అన్నాడు. అందులో ఆశ్చర్యమేముంది? మనిషి చెయ్యి అక్కడా ఇంతే ఉంటుంది, ఇక్కడా ఇంతే ఉంటుంది. ఆ మాటకొస్తే ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కాచిన ఉక్కుముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఇంగ్లీషువాళ్ళు ఆ ఉక్కుని 'ఊట్జ్' అన్నారు. మన దక్షిణాది 'ఉక్కు' మాటే వాళ్ళ నోట అలా అయిందంటారు.

లారీ కమాను పట్టీ ముక్క ఒకటి తీసి కొలిమిలో పెట్టాడు. అది ఎర్రబడి, సుత్తి కింద సాగి, సాయంత్రానికి కత్తి రూపం తెచ్చుకుంది. మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. చుయ్యిమంది. అయిపోయిందనుకుని చెయ్యి చాచాను.

"ఇంకా కాలేదమ్మాయ్. ఇప్పుడు దీనికి బిరుసెక్కుద్ది. ఇట్టాగే ఇచ్చానంటే రాయి తగిలి పుటుక్కుమంటది. మళ్ళా కాస్త సెగ చూపిచ్చి, దాని బిరుసు తగ్గియ్యాల" అన్నాడు. అన్నట్టే సెగ చూపించి, అలుగు మీద ఎండుగడ్డి రంగు రాగానే తీసేశాడు. గట్టితనం ఒక్కటే ఉంటే గాజులా పగులుతుంది. మెత్తదనం ఒక్కటే ఉంటే పదును నిలవదు. మా ఇంట్లో ఆడపిల్లకి ఏది ఎంత నేర్పాలన్న వాదన ఇరవైరెండేళ్ళుగా నడుస్తోంది. ఈయన ఒక సాయంత్రంలో తేల్చేశాడు.

తుమ్మచెక్క పిడి వేసి, "ఐదొందలియ్యమ్మా" అన్నాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు. "నాలుగొందలు చేసుకో బాబాయ్" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. నోటికి అలవాటు. ఫోనులో రెండువేలు అని కనిపిస్తే తలొంచుకుని కట్టడానికి సిద్ధపడ్డదాన్ని, పొద్దుటినుంచి సాయంత్రందాకా నా కళ్ళెదుట చెమటోడ్చిన మనిషి దగ్గర వంద తగ్గించబోయాను. అమ్మాయి నావైపు చూసింది. ఏమీ అనలేదు. ఆ చూపు పదును ముందు ఆయన పెట్టిన పదునెంత!

ఐదువందలూ ఇచ్చానులెండి. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. 'చవక' అని తేలిగ్గా అనేస్తాం. ఎవరికి చవక? వస్తువు ధర తగ్గినప్పుడు ఆ తగ్గింది ఎక్కడినుంచో తగ్గాలి. మోరా కత్తి చవకైతే అది యంత్రాల వల్లా, ఏళ్ళతరబడి ఒకే నమూనా వేలకొద్దీ చెయ్యడం వల్లా. అది న్యాయమైన చవకే. బాబాయ్ కత్తి చవకైతే ఆయన పూట కూలి తగ్గడం వల్ల. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. కొనేవాళ్ళమే తేడా తెలుసుకోవాలి.

అలాగని ఖరీదైనదే మంచిదనుకోకండి. బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా! నా బీరువాలో ఒక కంచిపట్టు చీరుంది. మరక పడుతుందని పదేళ్ళలో రెండుసార్లు కట్టాను. అది నాకు చీరిచ్చిందా, కాపలా ఉద్యోగమిచ్చిందా? ఎనిమిదివేల కత్తి కొన్నా అంతే. పోతుందేమోనని సంచీలోంచి తియ్యరు, స్నేహితురాలడిగితే ఇవ్వరు, తప్పుగా నూరి పాడుచేస్తామేమోనని నూరరు. చివరికి మొద్దుబారుతుంది. మొద్దు కత్తే ప్రమాదం. తెగక బలం పెట్టి నొక్కుతాం, జారి చేతిమీదకొస్తుంది. పోయినా ఏడవకుండా ఉండేంత ధర, పారెయ్యాలనిపించనంత మంచితనం, ఈ రెండిటి మధ్యా ఎక్కడో ఉంటుంది మనకి కావలసిన వస్తువు.

చెప్పులు కుట్టే అతని చేత తోలు ఒర కుట్టించాం. పుట్టినరోజునాడు అమ్మమ్మ చట్టం ప్రకారం కత్తిని పీటమీద పెట్టాను. అమ్మాయి వంగి తీసుకుని, ఆ చోట ఒక రూపాయి బిళ్ళ పెట్టింది. యూరప్‌లో కత్తి బహుమతిగా ఇస్తే స్నేహం తెగుతుందని, పుచ్చుకున్నవాళ్ళు ఒక నాణెం ఇచ్చి కొన్నట్టు చేస్తారుట. "ఎందుకైనా మంచిది, మీ అమ్మమ్మ చట్టం, వాళ్ళ చట్టం రెండూ పాటించేద్దాం" అంది. ఊరు ఏదైనా చాదస్తం ఒకటే!

నాలుగోనాడు తిరిగొచ్చింది. సంచీ విప్పగానే కత్తి చూసి గుండె కలుక్కుమంది. అలుగంతా ఎర్రటి మచ్చలు. లంబసింగి మంచులో తోలు ఒర తడి పీల్చుకుంది, ఇది తుడవకుండా అందులోనే ఉంచింది. తిట్టడానికి నోరు తెరిచి, "ఇంతకీ పనికొచ్చిందా?" అన్నాను.

"చాలా. నిమ్మకాయలు కోశాం, తాళ్ళు కోశాం, ఒకమ్మాయి చెప్పు తెగితే తాడుతో కట్టాం. ఒకడు ఊరికే కొమ్మలు నరుకుతానని అడిగాడు, ఇవ్వలేదు."

తర్వాత నూనెగుడ్డతో తుప్పు తుడుస్తూ, తలెత్తకుండా రెండోరాత్రి సంగతి చెప్పింది. అర్ధరాత్రి రెండు బైకులమీద ఎవరో తాగి వచ్చి, టెంట్లమీదకి లైట్లు వేసి, ఈలలు వేసి, కూతలు కూశారుట. గుడ్డ గోడకి ఇవతల ఇది. కత్తి తలగడ కింద.

"తీశావా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"లేదమ్మా. మేడమ్‌ని లేపాను. అందరం ఒక్కసారి బయటికొచ్చి టార్చీలు వేశాం. టెంట్లతనూ, వాళ్ళ అన్నదమ్ములూ వచ్చారు. వాళ్ళు వెళ్ళిపోయారు."

"మరి కత్తి?"

"ఒరలోనే ఉంది. తీస్తే వాడాల్సొస్తుంది కదమ్మా. వాడలేకపోతే లాక్కుంటారు. అప్పుడు వాళ్ళ చేతిలో ఉండేది నా కత్తే కదా!"

నిజం చెబుతున్నాను. ఒక్క క్షణం, తీసి ఉంటే బావుండునని నాకనిపించింది. జానెడు పొడుగుది, నల్లటిది, రంపం పళ్ళది. మరుక్షణం ఆ అనిపించడానికే భయం వేసింది. ముడిచే చాకుకి తన లోపలే ఒర ఉంది. ముడవని కత్తికి బయట ఒకటి కుట్టించాలి. దాన్ని ఒరలో ఉంచే చెయ్యి మాత్రం ఎవరూ కుట్టివ్వరు. అది ఈ పిల్లకి ఎప్పుడొచ్చిందో నాకు తెలీలేదు. అయినా ఇంకోసారి, టెంట్లతని అన్నదమ్ములు లేనిచోట, ఏం చెయ్యాలి? ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి. ఒకటి మాత్రం తెలుసు. ఆ సమాధానం కత్తి పొడుగులో లేదు.

ఇప్పుడా కత్తి మా వంటింట్లో ఉంది. మళ్ళీ ట్రిప్పుందాకా దాన్ని ఖాళీగా ఉంచడమెందుకని సొరకాయలు తరుగుతున్నాను. పని అవగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసి, ఒర విడిగా, కత్తి విడిగా పెడుతున్నాను. బుద్ధొచ్చింది కదా!

రెండోరాత్రి సంగతి మావారికింకా చెప్పలేదు. ఇది అచ్చయ్యాక ఆయనే చదువుతారు. చదివి మళ్ళీ ఫోను తీసి ఆ ఎనిమిదివేల కత్తి బొమ్మ వెతకబోతే, బాబాయ్ అడిగిన మాటే నేనూ అడుగుతాను. "ఏం కొయ్యాలండీ?"